కువైట్‌లో మా నార్వే ముత్తాత

పూర్వీకుల గురించి మరీ ఎక్కువ తెలుసుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు. నా మాట నమ్మండి. ఎప్పుడో కాలం చేసిన మా ముత్తాత నన్నూ, మా ఆయన్నీ ఇరాక్ సైన్యానికి పట్టించినంత పని చేశాడు. ఆయన తప్పేం లేదు లెండి. పాపం, కాకినాడ సమాధిలో హాయిగా పడుకుని ఉన్నాడు. తవ్వి పైకి తీసింది నేనే.

నాకు పిల్లికళ్ళు. చిన్నప్పుడు బళ్ళో నేను లేచి నిలబడితే చాలు, వెనక బెంచీ మొత్తం మ్యావ్ మనేది. పెళ్ళయి కువైట్ వచ్చి, అర్దియాలో కాపురం పెట్టాక ఈ కళ్ళకి మూలం ఏమిటో తేల్చుకుందామని కాకినాడలో మా మేనత్తకి రాశాను. ఆవిడ పెట్టె అడుగున ఉన్నదంతా దులిపి పంపింది. చర్చిలో ఇచ్చిన పెళ్ళి సర్టిఫికెట్టు, ఒక ఇంటి దస్తావేజు, ఒక పాత ఫొటో. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే తేలిందేమిటంటే, మా ముత్తాత లార్స్ నార్వే మనిషి, ఓడ వడ్రంగి. కాకినాడ రేవులో జ్వరంతో దిగాడు. జ్వరం తగ్గేలోపు మా ముత్తవ్వ తగిలింది. ఓడ వెళ్ళిపోయింది, ఆయన లారసయ్యగా ఉండిపోయాడు.

ఇక చూడండి నా వైభవం! ఆ ఫొటోని స్టూడియోలో తలుపంత పెద్దది చేయించి హాల్లో వేలాడదీశాను. బొడ్డు దాకా తెల్లటి గడ్డం, నా కళ్ళే. పక్కన అట్ట మీద రంగు పెన్సిళ్ళతో గీసిన వంశవృక్షం. ఇంటికి ఎవరొచ్చినా ముందు లారసయ్య గారి జీవిత చరిత్ర వినాలి.

"వచ్చినవాళ్ళకి ముందు టీ ఇవ్వవే, ముత్తాతని తర్వాత ఇద్దువుగాని" అని మా ఆయన మూర్తి గారు మొత్తుకునేవారు. ఇంజనీరు, బెజవాడ మనిషి, ఏడు తరాలుగా బెజవాడ దాటని వంశం.

"మీకు కుళ్ళు."

"కుళ్ళు కాదే, ఆకలి."

వినేవాళ్ళు తగ్గిపోయాక మా బిల్డింగ్ హారిస్‌ని పట్టుకున్నాను. హారిస్ అంటే కావలివాడు, ఈజిప్టు మనిషి, మంచివాడు. నా సంచులు మోసిపెట్టినప్పుడల్లా నేను నార్వే మనిషినని వచ్చీరాని అరబ్బీలో బోధించాను. నెలల తరబడి బోధించగా బోధించగా, చివరికి నన్ను చూస్తే లేచి "సబాహ్ అల్ ఖైర్, నార్వే మదామ్!" అని సలాం కొట్టే స్థాయికి వచ్చాడు. నా బోధన అంత గట్టిగా తలకెక్కిన శిష్యుడు మా స్కూల్లో ఒక్కడూ లేడు. అన్నట్టు, నేను పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని.

1990 ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే లేచేసరికి వీధిలో ఇరాక్ ట్యాంకులున్నాయి. తర్వాత సంగతి మీకు తెలిసిందే. బ్యాంకులు మూత, అంగళ్ళు ఖాళీ, బయట తుపాకీ చప్పుడు, లోపల మా గుండెల చప్పుడు. ఎదురింటి కువైటీలు సెలవులకి దేశం దాటి ఉన్నారు. వాళ్ళింట్లో పనిచేసే లక్ష్ముమ్మ ఒక్కతీ ఉండలేక మా ఇంటికి వచ్చేసింది. రాయచోటి మనిషి. మా ఆయన ఎక్కడెక్కడో తిరిగి, ఎవరెవరినో బతిమాలి, జోర్డాన్ వైపు వెళ్ళే బస్సులో మా ముగ్గురికీ చోటు సంపాదించారు. ఎల్లుండి ప్రయాణం. నేను అప్పటికే ఊళ్ళో దిగినంత సంబరపడి పెట్టె సర్దుతున్నాను.

మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చారు.

"ఏమే, తెల్లదేశాల వాళ్ళని సైనికులు పట్టుకుపోతున్నారట. మన ఇండియా వాళ్ళని వదిలేస్తున్నారట."

"హమ్మయ్య, మనం ఇండియా వాళ్ళమేగా?"

ఆయన నావైపు చూశారు. తర్వాత ముత్తాత వైపు చూశారు. సరిగ్గా అప్పుడే కింద జీపు ఆగింది. కిటికీలోంచి హారిస్ గొంతు ఖంగున వినిపించింది. "నార్వేనా? ఉన్నారు సార్! రెండో అంతస్తు!" పాపం, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చిన పిల్లాడిలా చెప్పాడు.

నేను బావురుమన్నాను. మా ఆయన వంశవృక్షాన్ని గోడమీంచి పీకి, నాలుగు మడతలు పెట్టి, దానిమీద కూర్చున్నారు. నేను ఫొటోని దించబోతే మేకు ఊడి రాలేదు. దించినా తలుపంత ముత్తాతని ఎక్కడ దాస్తాం?

"గమ్మునుండమ్మా, ఏడ్చబాక" అంది లక్ష్ముమ్మ. "ఇంత గడ్డం బెట్టుకోని ఉండాడు, సామి గాక ఇంకేమైతాడు?"

అంటూనే ముత్తాత నుదుటి మీద ఇంత కుంకుమ మెత్తింది. మా గుమ్మానికి కట్టిన ప్లాస్టిక్ బంతిపూల తోరణం తెంపి మెళ్ళో వేసింది. అగరొత్తులు వెలిగించేసరికి తలుపు మీద దబదబా చప్పుడు.

గడ్డం మాసిన ఆఫీసరు ఒకడు, ఇద్దరు సిపాయిలు. ఆఫీసరు నా పాస్‌పోర్టు చూశాడు, నా కళ్ళు చూశాడు, ఫొటోలో కళ్ళు చూశాడు. "ఎవరితను?"

మా ఇంట్లో అరబ్బీ బాగా వచ్చింది లక్ష్ముమ్మకే. "మా దేశంలో పెద్ద సామి, బాబా" అని చెప్పింది.

"అయితే పూజ చెయ్యండి, చూస్తాను."

లక్ష్ముమ్మ హారతి పళ్ళెం నా చేతిలో పెట్టింది. పాడాలి! భయానికి నాకు వచ్చిన భజనలన్నీ గాల్లో కలిసిపోయాయి. నోరు తెరిస్తే బయటికొచ్చింది రోజూ పిల్లలచేత వల్లె వేయించేదే.

"పదిహేడొకట్ల పదిహేడు... పదిహేడు రెళ్ళు ముప్ఫై నాలుగు..."

"గోవిందా... గోవింద!" అని లక్ష్ముమ్మ అందుకుంది.

మా ఆయన కూర్చున్నచోటు నుంచి కదలకుండా గిన్నె మూత మీద తాళం వేశారు. పదిహేడు మూళ్ళకి వచ్చేసరికి కళ్ళు మూసుకుని తల కూడా ఊపారు. పదిహేడో ఎక్కాన్ని అంత భక్తితో నేను జన్మలో చెప్పలేదు.

పాట అయ్యాక ఆఫీసరు టోపీ తీశాడు. గొంతు తగ్గించి ఏదో అడిగాడు. లక్ష్ముమ్మ మాకు చెప్పింది.

"ఈ సామి అడిగింది ఇస్తాడా అంటాండాడమ్మా. ఆయప్పకు బిడ్డ పుట్టి మూణ్ణెల్లంట. ఇంగా మొగం గూడా చూళ్ళేదంట. ఇంటికి పంపిస్తాడా అని అడగతాండాడు."

అంతసేపూ నన్ను వణికించిన మనిషి మీద నాకు ఒక్కసారిగా జాలేసింది. ఈ స్వామి తన ఇంటికే తిరిగి వెళ్ళలేకపోయిన మనిషని చెప్పడానికి నోరు రాలేదు. "పంపిస్తాడు" అన్నాను. నిజంగా పంపించాలనే అనుకున్నాను.

ఆఫీసరు కళ్ళు తుడుచుకుని సిపాయిలకి సైగ చేశాడు. నేను మేకు పీకలేక చచ్చానా, వాళ్ళు ఒక్క లాగు లాగి దండతో సహా ఫొటోని భుజాన వేసుకున్నారు.

"అయ్యో, అది మా ముత్తా..." అనబోయాను. మా ఆయన లేచి వచ్చి నా కాలు తొక్కారు.

ముగ్గురూ మెట్లు దిగారు. జీపు వెనక సీట్లో ఇద్దరు సిపాయిల మధ్య నిటారుగా కూర్చుని, కుంకుమ బొట్టుతో, ఎగిరే దండతో మా లారసయ్య గారు వీధి మలుపు తిరిగిపోయారు. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి చెమట తుడుచుకుంటూ అన్నారు:

"మొత్తానికి ఈ బిల్డింగులో ఉన్న ఒక్క నార్వే వాణ్ణీ పట్టుకుపోయారే!"

అనుకున్న రోజుకే బస్సు మేం ముగ్గురమే ఎక్కాం. ఆ బస్సులోనే, సూర్యచంద్రుల సాక్షిగా, మా ఆయన్నీ లక్ష్ముమ్మనీ పెద్దమనుషులుగా పెట్టుకుని, ఇకమీదట మా వంశంలో తాతగారిని దాటి ఒక్క మెట్టు కూడా పైకి ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు నా కళ్ళెక్కడివని ఎవరైనా అడిగితే, పుట్టినప్పటి నుంచీ నావేనని చెబుతాను.