లింకులున్నాయి, వరుస లేదు

మా టీములో బిల్లుల సిస్టం చూసే అక్క కంపెనీ మారుతోంది. ఆమె వెళ్లాక ఆ పని నాది. చివరి వారమంతా నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అప్పగించింది. కాకినాడ మనిషి, చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆగదు.

సరిగ్గా అప్పుడే నేను కంప్యూటర్లో నోట్స్ రాసుకునే ఎడిటర్ యాప్‌లు మూడింటిని పోల్చి చూస్తున్నాను. మొదటిది అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా దాస్తుంది. రేపు ఆ ఎడిటర్ మూతపడినా ఫైళ్లు మిగులుతాయి. రెండోదాంట్లో ప్రతి వాక్యమూ విడి ముక్క, దేన్నైనా దేనికైనా కలపవచ్చు. మూడోది మేము ప్రోగ్రాములు రాసుకునేదే. లింకుల కోసం ప్లగిన్ అనే అదనపు భాగం తగిలించాలి, కానీ వెతకడంలో దాని వేగం దేనికీ లేదు. నాకు రెండోది నచ్చింది. అక్క చెప్పిందంతా ముక్కలు చేసి, ఒకదానికొకటి లింకులు వేశాను.

"అలా కోసేస్తావేంటి నాన్నా, చేపనా అది? ముందు పూర్తిగా విను."

"తర్వాత వెతుక్కోవడానికి ఈజీ ఉంటదక్కా."

ఆమె వెళ్లాక వచ్చిన మొదటి నెలాఖరున, బిల్లులు పంపే ప్రోగ్రాం సగంలో ఆగిపోయింది. మళ్లీ నడిపే ముందు చేయాల్సిన పనులన్నీ నోట్స్‌లో దొరికాయి. ప్రతిదీ మిగతా వాటికి లింకై ఉంది. ఏది ముందో ఎక్కడా లేదు. వరుస తప్పితే కొందరికి బిల్లు రెండుసార్లు వెళ్తుంది. నోట్స్‌ను మిగతా రెండు ఎడిటర్లలోకీ ఎక్కించి చూశాను. అవే ముక్కలు, ఇంకాస్త త్వరగా కనిపించాయి.

ఖాజాగూడ అవతల కొత్త ఆఫీసులో ఉన్న అక్కకు ఫోన్ చేశాను.

"అయ్యో, ఆ రోజు వరుసగానే చెప్పాను కదా నాన్నా. ఇప్పుడు సిస్టం ఎదురుగా లేకుండా నోటికి రావట్లేదు. తప్పు చెప్తే నీ మీదకొస్తుంది."

మా లీడ్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఏంది బై, నోట్స్ మస్తున్నయంటివి? ప్రోగ్రాం మల్ల చాలూ చేస్తవా, లేదా?"

"చెయ్యనన్నా. ఏది ముందో నాకు తెల్వదు."

"ఇగ క్లయింటుకు లేటయితదని రాస్త."

బిల్లులు ఆలస్యమవుతాయని మెయిల్ వెళ్లింది. కారణం దగ్గర, వెళ్లిపోయిన ఉద్యోగి పనిని సరిగా అప్పగించలేదని ఉంది. ఆ మెయిల్ అందుకున్నవాళ్లలో సగం మందికి అక్క ఎవరో తెలుసు. ఆ వాక్యం మార్చి, వరుస పోగొట్టింది నేనేనని రాయమని అడగడానికి లీడ్ సీటు దగ్గరకు వెళ్లాను.