సబ్బు నురగకు దొరికిన పొగ

మా ఆయన కారును బొమ్మ అంటే ఆయనకు కోపం. బ్యాటరీతో తిరిగేది బొమ్మట. అసలైన ఇంజనుతో, నైట్రో ఇంధనం తాగి తిరిగేది కారట. మూరెడు పొడవుండే ఆ కారు కందిరీగల తుట్టెను కర్రతో పొడిచినట్టు అరుస్తుంది. దాని ఇంధనంలో ఆముదం కలుపుతారు. మాడిన ఆముదం వాసన కర్టెన్లకు పట్టిందంటే రెండు ఉతుకుల దాకా పోదు.

లండన్ శివారు క్రోయిడన్‌లో మాది కింది అంతస్తు ఫ్లాటు. వంటింటి వెనక తలుపు తీస్తే చాప పరిచినంత తోట. వాన పడని ఆదివారం మా వైపు తక్కువ. అందుకని ఆయన కారును గడప మీద పెట్టుకుని, తాను వంటింట్లో పీట వేసుకుని ఇంజను స్టార్ట్ చేసేవాడు. పొగలో సగం తోటలోకి, సగం లోపలికి.

మా పాపకు అప్పటికి ఏడాది నిండలేదు. జలుబు చేస్తే చాలు, ఛాతీలో పిల్లి కూతలు మొదలయ్యేవి. మూతికి చిన్న మాస్కు తగిలించి ఇన్‌హేలర్ కొట్టేటప్పుడు పాప నా మెడ గీరేసేది. ఇంట్లో పొగ అన్నది ఉండకూడదని మా జీపీ డాక్టరు నా మొహం చూసి మరీ చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, "అది సిగరెట్ల గురించే" అన్నాడు మా ఆయన.

"దాని ఊపిరితిత్తులకు ఆ తేడా తెలుసా?"

"ఎగ్జాస్టు గొట్టంలో ఎక్కడో లీకుందే. అందుకే ఇంత పొగ. లీకు బాగు చేస్తే పొగ రాదు. అప్పటిదాకా ఓపిక పట్టు."

పట్టాను. లీకు బాగయ్యాక కూడా పొగ వస్తే కారు ఇంట్లో ఉండకూడదని మాట తీసుకుని మరీ పట్టాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఒకటే తంతు. ఇంజను కాసేపు గుక్కపట్టి ఏడ్చి ఆగిపోయేది. ఆయన ఇంధనం పాళ్లు మార్చే స్క్రూ కొంచెం ఇటు తిప్పి, కొంచెం అటు తిప్పి మళ్లీ స్టార్టరు తాడు లాగేవాడు. గొట్టం అడుగున నల్లటి జిడ్డు చిమ్మేది. గడప పలకలు తోమేది నేను. ఒకసారి ఆ జిడ్డు ఆరేసిన పాప బనియన్ల మీద పడితే, వాటిని మడత పెట్టి ఆయన లాప్‌టాప్ మీద ఉంచాను. వాటిని కుర్చీ మీదికి మార్చి పని చేసుకున్నాడు.

ఈ పిచ్చికి తోడు ఆయన ఆఫీసు స్నేహితుడొకడు. పక్క వీధిలో నలుగురితో కలిసి ఇల్లు పంచుకుని ఉండే బ్రహ్మచారి. వారమంతా టేక్అవే తిని, ఆదివారం పప్పన్నానికి మా ఇంటికి చేరేవాడు. నన్ను వదినా అనేవాడు, నా గిన్నెలన్నీ ఖాళీ చేసేవాడు. ఒక ఆదివారం ఇద్దరూ కారు మీద వాలి వాదించుకుంటున్నారు.

"స్క్రూదే తప్పు అన్నా."

"స్క్రూ కాదురా, ప్లగ్గు."

లోపలి గదిలో పాప దగ్గుతోంది. వీళ్లకు వినపడటం లేదు.

మా అమ్మ ఇంట్లో కొత్త గ్యాసు సిలిండరు బిగించిన ప్రతిసారీ రెగ్యులేటరుకు సబ్బు నురగ పూసేది. బుడగ లేస్తే పొయ్యి వెలిగించేది కాదు. ఇద్దరు ఇంజనీర్లకు ఆ బుద్ధి పుట్టలేదు. నేను గిన్నెలు తోమే సబ్బును గిన్నెలో చిలికి, నురగ తెచ్చి వాళ్ల మధ్య పెట్టాను.

"ఇంజను చల్లారిందిగా. గొట్టం కొస వేలితో మూయండి. గొట్టం నుంచి ట్యాంకుకు పోయే సన్న ట్యూబు ఊడదీసి అందులోంచి గాలి కొట్టండి." ఇద్దరం ఉన్నప్పుడు ఆయన్ని నువ్వు అంటాను, పరాయివాళ్ల ముందు మీరు అంటాను. ఆ రోజు ఆ మీరు బాగా గట్టిగానే పడింది.

గొట్టాలకు నురగ పూసి, పాప గాలి టబ్బుకు వాడే చేతిపంపుతో గాలి కొట్టారు. ఇంజను నుంచి వచ్చే వంపు గొట్టాన్ని, వెనకాల వెండిరంగు గొట్టాన్ని కలిపే రబ్బరు జాయింటు అడుగున బుడగలు లేచాయి. బిగించిన ప్లాస్టిక్ పట్టీయే రబ్బరును కోసేసింది. పైనుంచి చూస్తే కనపడదు.

"చూశావా, నేను చెప్పలా జాయింటే అని" అన్నాడు మా ఆయన, స్నేహితుడితో.

కొత్త జాయింటు పోస్టులో వచ్చింది. తర్వాతి ఆదివారం సన్నగా తుంపర పడుతోంది. ఈసారి ఇద్దరూ గడప దాటి తోటలో నిలబడ్డారు, కారు మాత్రం గుమ్మం ముందే. తాడు లాగగానే ఇంజను అందుకుంది. ఆగలేదు. జాయింటు దగ్గర చుక్క జిడ్డు లేదు. గొట్టం కొస నుంచి మాత్రం నీలం రంగు పొగ తాడులా సాగి, తిన్నగా నా వంటింట్లోకి వస్తోంది.

"పొగ వస్తోందేంటి?" అని అరిచి అడిగాను.

"రావాలి వదినా," స్నేహితుడు మురిసిపోతూ అరిచాడు. "పొగ రాకపోతే నూనె అందట్లేదని లెక్క. ఇంజన్ మాడిపోద్ది. ఇలా నీలంగా వస్తే దానికి ఆరోగ్యం."

"ఆ సంగతి మీ అన్నకు తెలుసా?"

"నాకు నేర్పిందే అన్న."

మా ఆయన రిమోట్ వైపు చూస్తున్నాడు. లోపల పాప దగ్గింది. నేను తలుపు మూసి తాళం తిప్పాను.

తలుపు అద్దం అవతల ఆయన నోరు కదులుతోంది. ఆయన ఇంజనే ఆయన మాటను మింగేస్తోంది. నేను పాపను ఎత్తుకుని వీపు నిమురుతూ నిలబడ్డాను. ట్యాంకు అడుగంటి ఇంజను ఆగాక అద్దం మీద కొట్టాడు.

"తలుపు తియ్యవే, తడుస్తున్నా."

"దాన్ని ఇక్కణ్నుంచి తీసుకెళ్లు."

"మాట్లాడుకుందాం, ముందు తియ్యి."

"మాట్లాడుకున్నాం. మాటిచ్చావు. ఇంధనం డబ్బా కూడా తీసుకెళ్లు."

స్నేహితుడు డబ్బా ఎత్తుకుని, "పదన్నా, మా షెడ్డులో పెడదాం" అన్నాడు. వెనక గేటు తీసుకుని ఇద్దరూ వానలో వెళ్లారు. పప్పన్నం కోసం కూడా వాడు వెనక్కి చూడలేదు.

మా ఆయన తిరిగొచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. చేతుల్లో ఏమీ లేదని అద్దంలోంచి చూశాకే తాళం తీశాను. పాప ఆయన్ని చూసి నవ్వి, చేతులు చాచింది. ఆయనా చాచాడు.

"స్నానం చేసి రా" అన్నాను, పాపను రెండో భుజానికి మార్చుకుంటూ. "ఆ చొక్కా బయట బకెట్లో పడెయ్యి."

ఆ బకెట్ ఇప్పటికీ గుమ్మం బయటే ఉంది. ఆదివారాలు షెడ్డు నుంచి వచ్చి, చొక్కా విప్పి అందులో వేశాకే లోపలికి అడుగు పెడతాడు. దాన్ని నేను ఉతకను.