కట్టె ఎవరికి?

నా చిన్నప్పుడు నేను గెలిచిన మొట్టమొదటి బేరాన్ని మా నానమ్మ ఒక్క ప్రశ్నతో ఊడ్చిపారేసింది. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను. లేచి ఎవరికైనా చెప్పాల్సిందే.

శంషాబాద్‌లో మాది కిరాణా దుకాణం. అటు బట్టల కొట్టు, ఇటు ఇత్తడి సామాన్ల కొట్టు. నడక కంటే ముందు బేరం నేర్చిన పిల్లలం మేము. దుకాణం ముందు పెద్ద వేపచెట్టు ఉండేది. ఎండకు దాని కింద ఆగినవాళ్లు ఊరికే నిలబడటానికి మొహమాటపడి ఏదో ఒకటి కొనేవాళ్లు. అందుకే నానమ్మ ఆ చెట్టును ఇంట్లో సంపాదించే మనిషిలా చూసుకునేది. ఆ ఏడు గాలివానకు దాని పెద్ద కొమ్మ ఒకటి మొదట్లో చీలి, ఎదురింటి అక్క పెంకుటింటి మీదికి వాలింది. అక్క అప్పుడు బాలింత. బిడ్డ ఉయ్యాల సరిగ్గా ఆ కొమ్మ కిందే.

జల్‌పల్లి నుంచి చెట్లు కొట్టే ఆయన వచ్చాడు, భుజాన మోకు, చేతిలో గొడ్డలి. కాండం తట్టి చూసి పెదవి విరిచాడు. చెట్టు మొత్తం తీసేయాల్సిందే అన్నాడు. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది: కొట్టిన కట్టె కొట్టినవాడికే, అదే కూలి. నానమ్మ నన్ను ముందుకు తోసి మాట్లాడమంది. ఇక నేను రెచ్చిపోయాను. మొద్దు తవ్వి తీయాలన్నాను, ఆకు ఊడవాలన్నాను, పుల్లలు మా పొయ్యికి వదలాలన్నాను. అన్నిటికీ ఆయన తలూపాడు. అంతా నా నోటి మహిమే అనుకున్నాను.

నానమ్మ నా వీపు తట్టింది. ఆయనకు చాయ్ ఇచ్చి, తీరిగ్గా అడిగింది.

"కొడుకా, కట్టె మేమే ఉంచుకుంటం. నీ కూలి నీ చేతిల పెడ్త. ఇగ చూసి చెప్పు, ఏం కొట్టాలె?"

ఆయన చాయ్ ఊదుకుంటూ మళ్లీ పైకి చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు.

"గట్లయితే గా చీలిన కొమ్మ తీస్తె సాలమ్మా. చెట్టుకేమైంది, రాయి లెక్కున్నది."

వీధంతా ఘొల్లుమంది. "చాయ్ తాగంగనే చెట్టుకు రోగం తగ్గింది సూడుండ్రి!" అని ఇత్తడి కొట్టు మామ అరిచాడు. చెట్లు కొట్టే ఆయన కూడా నవ్వేశాడు. "అడుగుడు నా వంతు, సూసుకునుడు మీ వంతు గదనే!"

అక్కను, బిడ్డను మా దుకాణంలోకి తెచ్చి బియ్యం బస్తాల పక్కన పడుకోబెట్టాం. ఆయన సరసరా ఎక్కి, పై కొమ్మ మీదుగా మోకు వేసి, చీలిన కొమ్మను బిగించి, రెండో కొసను కిందికి విసిరాడు. దాన్ని పట్టుకున్నది మా వీధే. వెనకెక్కడో నేనూ ఉన్నాను. గొడ్డలి దెబ్బకు కొమ్మ ఫెళ్లుమని విడిపోయి పెంకుల మీదుగా ఊగింది. "జర జర వదులుండ్రి!" అని పైనుంచి ఒకటే కేక. అరచేతులు మండిపోతున్నా వదల్లేదు. కొమ్మ ఆకులతో పెంకులను నిమురుతూ జారి, వీధిలోకి దిగి పడుకుంది. ఒక్క పెంకు పగల్లేదు! బిడ్డ నిద్ర కూడా లేవలేదు. పైన చెట్టు నిక్షేపంగా ఉంది, కింద మా గోల.

మొన్న కొత్వాల్‌గూడలో మా ఇంటి ముందు మామిడిచెట్టు చూపించడానికి మిషన్ రంపం ఉన్న ఒకతన్ని పిలిచాను. నెత్తి మీదుగా విమానం పోయేదాకా ఆగి, చెట్టు మొత్తం ఫ్రీగా తీసేస్తానన్నాడు. ఫ్రీ అన్న మాట వింటే నాకు ఈ వయసులో కూడా ప్రాణం లేచొస్తుంది, దాచడమెందుకు? కానీ నోరు సరే అనేలోపే కాళ్లు వంటింట్లోకి నడిచాయి, అతనికి చాయ్ పెట్టడానికి.