గోతిలోకి ముందు దిగే మనిషి

కాదిర్‌కుల్ మేస్త్రీ తన నిర్లక్ష్యం వల్లే చనిపోయాడని మేనేజరు మా అందరి ముందూ చదివి వినిపించిన రోజు, మాతో వెల్డింగు చేసే బూరుల్‌కాన్ అక్క లేచి కుర్చీని కాలితో తన్నింది. కుర్చీ వెళ్లి గోడకి కొట్టుకుంది. ఆవిడ తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది. మేమంతా తలలు వంచుకుని మా బూట్లు చూసుకుంటూ కూర్చున్నాం.

మాది నారిన్ నది ఒడ్డున, కొండల మధ్య ఇరుక్కున్న చిన్న పట్నం. ఊరి చివర బొగ్గు బాయిలర్లలో కాగిన నీళ్లు నేల కింది గొట్టాల్లోంచి ఇంటింటికీ వెళ్తేనే చలికాలంలో మేం బతికేది. ఆ గొట్టం ఎక్కడ పగిలినా వీధి గోతిలోకి దిగి అతికే పని మాది. దిగే ముందు ఆ వీధికి నీళ్లు వెళ్లే వాల్వు మూయాలి. దాన్ని తిప్పే చక్రం బాయిలర్ల పక్కనున్న గదిలో ఉంటుంది. గోతిలో ఉన్నవాడికి అది కనబడదు. మూసే ఉంది అని ఫోనులో ఎవరో చెబితే నమ్మి దిగడమే.

కాదిర్‌కుల్ అలాగే నమ్మి దిగాడు. గొట్టం కోసి, కొత్త ముక్క పెట్టబోతుండగా మరుగుతున్న నీళ్లు మీద పడ్డాయి. ఎవరో పెద్దమనిషి తన ఇల్లు చల్లబడిందని ఫోను చేస్తే, కాసేపు వాల్వు తెరవమని మేనేజరు చెప్పాడని మాకందరికీ తెలుసు. తెరిచింది వాల్వు గదిలో పనిచేసే ఇషెన్. మేనేజరు నేను చెప్పలేదన్నాడు. ఇషెన్ నోరు విప్పలేదు. దాంతో తప్పంతా చచ్చిపోయినవాడి మీదికి నెట్టేశారు.

ఆ తర్వాత మేస్త్రీగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మాలో పెద్దవాడు తాష్తాన్‌ని అడిగితే, నాకు నడుం నొప్పి అన్నాడు. చివరికి మేనేజరు జోల్చుబెక్ అసనోవిచ్ బూరుల్‌కాన్ అక్కని పిలిచాడు. ఆడమనిషి, చెప్పినట్టు పడుంటుందని అనుకున్నాడు. ఆరేళ్లుగా ఆవిడని రోజూ చూస్తున్నవాడు అలా ఎలా అనుకోగలిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అక్కకి అప్పటికి యాభై దాటాయి. వాళ్ల నాన్న ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులోనే వెల్డింగు నేర్చుకుంది. మొగుడు పనికని రష్యా వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లల్ని ఒక్కతే పెంచింది. నోరు మంచిది కాదు. పొద్దున్న కనబడితే బావున్నావా అని అడగదు, టోపీ సరిగ్గా పెట్టుకో చెవులు రాలిపోతాయి అంటుంది.

మేస్త్రీ అయిన మొదటి రోజు బజారునుంచి ఒక లావుపాటి గొలుసూ తాళం కప్పా కొనుక్కొచ్చింది. వాల్వు గదిలోకి పోయి, తనే చక్రం తిప్పి వాల్వు మూసి, దానికి గొలుసు చుట్టి తాళం వేసింది. ఇషెన్ ఓ మూల నిలబడి చూస్తున్నాడు. ఆవిడ అతని వైపు తల కూడా తిప్పలేదు.

తాష్తాన్ నవ్వాడు. "ఏం బూరుల్, ఇదేమన్నా గొర్రెల దొడ్డా? తాళం వెయ్యకపోతే ఎవరన్నా తోలుకుపోతారా?"

"కాదిర్‌కుల్‌ని తోలుకుపోయారుగా," అంది అక్క.

అతని నవ్వు అక్కడే ఆగిపోయింది. తాళంచెవి మెడలో వేసుకుని ఆవిడే గోతిలోకి దిగింది. ఆ రోజు పెట్టిన పద్ధతి అది. గోతిలో ఎవరుంటే తాళంచెవి వాళ్ల మెడలోనే ఉండాలి. వాళ్లు పైకొచ్చి, తమ చేత్తో తాళం తీస్తే తప్ప ఆ వీధిలో ఒక్క చుక్క కదలకూడదు. ఏ గోతిలోకైనా మొదట దిగేది మేస్త్రీ. రెండోది నోటితో చెప్పలేదు, చేసి చూపించిందంతే.

అయినా మొదట్లో మాకు ఆవిడంటే గురి కుదరలేదు. ఈ తాళాలతో పని ఆలస్యమవుతోందని, చలికి ఇళ్లలో జనం మమ్మల్ని తిడుతున్నారని తాష్తాన్ గొణిగేవాడు. నేనూ వంత పాడేవాణ్ణి. మా అందరి మనసూ తిరిగింది మెదెర్ అతుకు విషయంలో. మెదెర్ మా కుర్ర వెల్డరు. అప్పుడే బిడ్డ పుట్టి, కంటి నిండా నిద్రలేక ఊగుతూ పనికొచ్చేవాడు. అతను వేసిన అతుకు ఊడి వీధి వీధంతా గడ్డకట్టింది. మేనేజరు వచ్చి, ఈ అతుకు వేసిన గాడిద ఎవడు, వాణ్ణి ఇప్పుడే ఇంటికి పంపిస్తానన్నాడు.

అక్క ముందుకొచ్చింది. ఆ పని సరిగ్గా ఉందని చూసి ఒప్పుకున్నది తనేనని, పంపితే తననే పంపమని అంది. మేనేజరు గింజుకుని గింజుకుని వెళ్లిపోయాడు. అతని కారు మలుపు తిరిగేదాకా ఆగి, మెదెర్‌ని షెడ్డు వెనక్కి తీసుకెళ్లి తిట్టింది చూడండి, ఆ తిట్లు నేనిక్కడ చెప్పలేను. తర్వాత అదే అతుకు మళ్లీ వేయించింది. మెదెర్ వేస్తున్నంతసేపూ గోతిలో అతని పక్కనే మోకాళ్ల మీద కూర్చుని లైటు పట్టుకుంది. పైకొచ్చేసరికి ఆవిడ పంటికి పన్ను అంటుకోవడం లేదు, అంత వణుకు. అప్పుడు కూడా తిడుతూనే ఉంది.

ఆ రోజునుంచి తాష్తాన్ ఆవిణ్ణి బూరుల్ అని పిలవడం మానేసి మేస్త్రీ అనడం మొదలుపెట్టాడు.

మరుసటి జనవరిలో, చలి ముదిరినప్పుడు, ఆసుపత్రి వైపు వెళ్లే పెద్ద గొట్టం పగిలింది. ఆసుపత్రిలో వాళ్ల సొంత బొగ్గు పొయ్యిలు ఉన్నాయి, పొద్దుగూకేదాకా ఎలాగోలా లాగుతామన్నారు. అదే రోజు రాజధానినుంచి పెద్దలొచ్చి, అదే గొట్టం మీదున్న కొత్త ఆటల హాలు తెరుస్తున్నారు. రోగులు చలికి ఓర్చుకుంటామన్నారు గాని, హాలు మాత్రం చల్లబడకూడదట. నీళ్లు ఆపకుండానే ఏదో ఒక పట్టీ బిగించి సరిపెట్టమని మేనేజరు కబురు చేశాడు. అక్క వినలేదు. వాల్వు మూసి తాళం వేసి, అక్కడ తాష్తాన్‌ని కూర్చోబెట్టి, మెదెర్‌ని వెంటబెట్టుకుని గోతిలోకి దిగింది. నేను పైన తాడు పట్టుకుని ఉన్నాను.

గొట్టం సగం కోశారో లేదో మేనేజరు కారు వచ్చి ఆగింది. నిగనిగలాడే బూట్లతో మంచులో జారుతూ గోతి అంచుకొచ్చాడు. పైకి రమ్మని కేకేశాడు. అక్క ఇనప మెట్లు ఎక్కి పైకొచ్చింది. ఆవిరికి తడిసిన కోటు మా కళ్ల ముందే బిగుసుకుని రేకులా అయిపోయింది. కనురెప్పల మీద మంచు.

ఒక గంట వాల్వు తెరవమన్నాడు మేనేజరు, పెద్దలు ఉపన్యాసం ముగించి వెళ్లేదాకా చాలునన్నాడు. సగం కోసిన గొట్టంలోకి నీళ్లు వదిలితే గొయ్యి నిండి, పని మళ్లీ మొదటికొస్తుందని, ఆ గంట హాలుకి కూడా నీళ్లు చేరవని అక్క చెప్పింది. అతను వినలేదు. నువ్వు మేస్త్రీవి, నేను మేనేజర్ని అన్నాడు.

అక్క ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. అది మాకు కొత్త.

"జోల్చుబెక్ అసనోవిచ్, మీరు గోతిలోకి దిగండి," అంది.

"ఏంటీ?"

"దిగి నా పక్కన నిలబడండి. ఈ తాళంచెవి ఇప్పుడే పంపించేస్తా. మీరు లోపల ఉండగా తెరవమనండి."

"నీకేమన్నా మతి పోయిందా?"

"కాదిర్‌కుల్ లోపల ఉండగా తెరిపించారు. ఆ రోజు మతి పోయింది ఎవరికి?"

మేనేజరు అటు తిరిగాడు. ఫోను తీసి ఇషెన్‌కి చేశాడు. గొలుసు కోసి వాల్వు తెరవమని అరిచాడు. ఆ ఫోనులో అవతలి మాట మాకు కూడా వినబడుతుంది.  అటునుంచి ఇషెన్ గొంతు వినబడింది.

"నేను కొయ్యను. ఒకసారి మీరు చెబితే తిప్పాను. ఇంక తిప్పను."

వెనకాలే తాష్తాన్ ఫోను లాక్కున్నట్టున్నాడు. "అయ్యా, గొలుసు కొయ్యాలంటే మీరే రావాలి. నేనిక్కడే ఉన్నా. చేతిలో పెద్ద రెంచి ఉంది. టీ కూడా ఉంది, వేడి వేడిగా."

గోతిలోంచి మెదెర్ పగలబడి నవ్వాడు. అక్క కిందికి చూసి, నోరు మూసుకుని గొట్టం పట్టుకోమని కసిరి, మళ్లీ దిగింది. పొద్దు వాలేసరికి పని అయిపోయింది. పెద్దలు కోట్లు విప్పకుండానే చప్పట్లు కొట్టి వెళ్లారట.

మర్నాడే ఆవిణ్ణి మేస్త్రీ పనిలోంచి తీసేసి, మళ్లీ వెల్డరుగా ఉంచారు. మాట వినని మనిషని కారణం చెప్పారు. ఆవిడ చోట్లోకి మేనేజరు బావమరిది వచ్చాడు, అప్పటిదాకా కార్లు కడిగించే వ్యాపారం అతనిది. మొదటి పని తగలగానే మమ్మల్ని దిగమన్నాడు. మేం కదల్లేదు. మా దగ్గర మేస్త్రీ ముందు దిగుతాడు, అదే పద్ధతి అన్నాడు తాష్తాన్. పాపం అతను రెండు మెట్లు దిగాడు. ఆవిరి ముఖానికి కొట్టగానే పైకొచ్చి, కారెక్కి, మళ్లీ కనబడలేదు.

మేం అక్క వైపు చూశాం, మెచ్చుకుంటుందని. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"నా కోసం పని ఆపుతారా? ఆ వీధిలో పసిపిల్లలున్నారు. నా పేరు చెప్పి వాళ్లని చలికి చంపుతారా, సన్నాసుల్లారా?"

అని, మేస్త్రీ కాకపోయినా, వెల్డింగు సామాను భుజాన వేసుకుని దిగిపోయింది. మేం సిగ్గుతో వెనకాలే దిగాం. ఆ తర్వాత మాకు మేస్త్రీగా ఎవరినీ పెట్టలేదు. అడగాల్సినవి ఆవిణ్ణే అడిగేవాళ్లం.

వసంతంలో మంచు కరుగుతున్నప్పుడు ఇషెన్ వచ్చి, జరిగింది జరిగినట్టు పైవాళ్లకి చెబుతానన్నాడు. ఇన్నాళ్లు ఏం చేస్తున్నావని అక్క అతన్ని నిలబెట్టి కడిగేసింది. కడిగేసి, ప్రయాణానికి రొట్టె మూటగట్టి, మా అందరినీ వెంటబెట్టుకుని అతనితో పాటు జిల్లా కచేరీకి వచ్చింది. అతను చెబుతున్నంతసేపూ పక్కనే నిలబడింది. నెలలు గడిచి మళ్లీ చలి మొదలయ్యాక, తన చావులో కాదిర్‌కుల్ తప్పేమీ లేదని తేల్చారు. ఇషెన్‌ని పనిలోంచి తీసేశారు. మేనేజర్ని ఇక్కడినుంచి తీసి ఇంకో పట్నంలో ఇంతకంటే పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కబురు విని అక్క నేల మీద ఉమ్మింది.

కాదిర్‌కుల్ భార్య అనార్‌కాన్‌కి చెప్పడానికి వెళ్లాం. ఇషెన్ రానన్నాడు. నువ్వే చెప్పాలని అక్క చెయ్యి పట్టి లాక్కొచ్చింది. అనార్‌కాన్ తలుపు తీసి మా అందరినీ లోపలికి రమ్మంది. ఇషెన్‌ని చూసి, ఇతను నా గడప తొక్కకూడదు అంది.

"అయితే నేనూ ఇక్కడే నిలబడతా," అంది అక్క.

"నువ్వు వీడి పక్షమా, బూరుల్?"

"కాదు. వీడు చేసినదానికి నాకు ఇప్పటికీ కడుపు రగులుతూనే ఉంది. కానీ వీణ్ణి తీసుకొచ్చింది నేను. బయట వదిలేసి లోపల కూర్చుని టీ తాగలేను."

వాకిట్లోనే నిలబడి ఇషెన్ మొత్తం చెప్పాడు. ఎవరు ఫోను చేశారో, తనేం విన్నాడో, చక్రం ఎటు తిప్పాడో. క్షమించమని అడగలేదు, అడగొద్దని అక్క దారిలోనే చెప్పింది. అనార్‌కాన్ ఆఖరిదాకా వింది. తలుపు వేసుకుంది.

తిరుగుదారిలో ఇషెన్ ఏడుస్తూ నడిచాడు. చల్లటి గాలి కొడుతోంది.  అక్క ఆగి, అతని చేతుల వైపు చూసి, చేతి తొడుగులు లేకుండా ఇంత చలిలో ఎవడు బయల్దేరమన్నాడు నిన్ను, బుద్ధుందా నీకు అని వీధి వీధంతా వినబడేట్టు తిట్టడం మొదలుపెట్టింది.