తడి గోనెసంచి

పెనుకొండలో హైవే పక్కన ముత్యాలప్ప షెడ్డు, దాన్ని ఆనుకుని నా స్పేర్‌పార్టుల అంగడి. లారీ వెనక చక్రాల మధ్య ఇనుప కుండలా ఉబ్బి ఉంటుందే, డిఫరెన్షియల్, ఆ చక్రాలను తిప్పే పళ్ళ చక్రాల పెట్టె, దానికి వైద్యుడు ముత్యాలప్ప. ఇంకో బండిని లాక్కొచ్చే లారీలకు అది కాలిపోతుంది. అతను కిందికి దూరి, దాని మూత మీద అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టేవాడు. చెయ్యి నిలిస్తే పొమ్మనేవాడు, లేకపోతే బండి ఆపేసేవాడు. ఆ చేతి మీద డ్రైవర్లకు అంత గురి. గురి పాడుగాను!

తొంభై ఏడు ఎండాకాలం, మధ్యాహ్నం. ధనుంజయ లారీ, చెడిపోయిన ఇంకో లారీని గొలుసుతో లాక్కుంటూ ధర్మవరం నుంచి హిందూపురం పోతూ షెడ్డు ముందు ఆగింది. వెనక బండి స్టీరింగు పట్టుకున్నది గంగాధర. కమురు వాసన వస్తోందని ధనుంజయ అప్పటికే డిఫరెన్షియల్ మీద తడి గోనెసంచి కప్పాడు. మా వైపు అందరూ చేసేదే. సంచి తీస్తే పైన చల్లగానే ఉంటుంది, లోపల ఆయిలు కాగుతూనే ఉంటుంది. అందుకే అరగంట ఆగి చెయ్యి పెట్టాలి, బిరడా విప్పి ఆయిలు చూడాలి. ముత్యాలప్పకు తెలియనిది కాదు. కానీ అప్పుడే వాళ్ళావిడ సంగటి తెచ్చి పెట్టింది, చల్లారిపోతోంది. సంచి లాగేసి, వెంటనే చెయ్యి పెట్టి, "చల్లగా ఉండాది, పోండప్పా" అని సంగటి ముందు కూర్చున్నాడు.

గంగాధర తల బయటపెట్టి నవ్వాడు. "ఒక్కడివే తింటాండావే అన్నా, నాకొక ముద్ద పెట్టు."

"వచ్చేటప్పుడు తిందువులే, పో."

రెండు మైళ్ళు పోలేదు. ముందు పోతున్న ధనుంజయ లారీ వెనక చక్రాలు ఉన్నట్టుండి బిగుసుకున్నాయి. వెనక బండి పోయి దాన్ని గుద్దింది. గంగాధర అక్కడికక్కడే పోయాడు. బండి బిగుసుకుందని ధనుంజయ మొత్తుకున్నా, తప్పించుకోవడానికి చెప్తున్నాడన్నారు. గంగాధర కునుకు తీశాడు, బ్రేకు వెయ్యలేదు అన్న మాటే ఊరంతా పాకింది. ధనుంజయ లారీని షెడ్డుకు తెచ్చాక ముత్యాలప్ప డిఫరెన్షియల్ మూత విప్పాడు. పళ్ళ చక్రాలు కాలి నీలం తిరిగి అతుక్కుపోయాయి. ఉన్న కాస్త ఆయిలు తారులా మాడిపోయింది. అతను నా మొహం చూశాడు. మూత బిగించేశాడు. నేనూ నోరు మూసుకున్నాను, సిగ్గులేని నోరు.

ఆ తర్వాత అతను మిగతా రిపేర్లు చేసినా, ఏ డిఫరెన్షియల్ మీదా అరచెయ్యి ఆనించలేదు. అరచెయ్యి మండుతోందని నీళ్ళతొట్టిలో ముంచుకుని కూర్చునేవాడు. రోడ్డు మీద గొలుసు చప్పుడైతే నోటిదాకా వచ్చిన ముద్ద ఆగిపోయేది. రోజూ ఒక ముద్ద క్యారియరు మూతలో పక్కకు తీసిపెట్టేవాడు. "కుక్కకా?" అని ఒకసారి అడిగాను. అతను నా వైపు చూసి, ఆ మూతను ఒడిలోకి లాక్కున్నాడు.

పదేళ్ళకు గంగాధర భార్య మారక్క ముదిగుబ్బ నుంచి బస్సెక్కి వచ్చింది.

"అన్నా, మా తమ్ముడు తిరుపాలు లారీ ఎక్కుతాడంట. మా ఆయప్ప మాదిరి స్టీరింగు మీద నిద్దరపోతే చస్తావని, డ్రైవర్లు నమ్మే మనిషివి, నువ్వైనా చెప్పు."

ముత్యాలప్ప చేతిలోని స్పానరు కింద పెట్టాడు. "గంగాధర నిద్దరపోలేదమ్మా. తప్పు నాది" అని గోనెసంచి, సంగటి, మూత కింద తను చూసింది, అన్నీ చెప్పేశాడు. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"పదేండ్లు," అంది మారక్క. "పొద్దున లేస్తానే ఆయప్ప ఫోటో ముందర నిలబడి తిట్టినా కదన్నా. కండ్లు తెరుచుకోని బండి తోలుకోలేకపోతివే, నా బతుకు ఆర్పేస్తివే అని." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకు చెప్తే చాలదు. ఇంటికొచ్చి ఆయప్పకు చెప్పు."

ముత్యాలప్ప షెడ్డు మూసి క్యారియరు పట్టుకున్నాడు, ముగ్గురం బస్సెక్కాం. ఆ ఇంట్లో గోడకున్న ఫోటో ముందు ముత్యాలప్ప నిలబడ్డాడు. క్యారియరు విప్పి, ఆ రోజు పక్కకు తీసిన ముద్దను ఫోటో కింద పెట్టాడు.

"నువ్వు నిద్దరపోలేదు గంగాధరా" అన్నాడు.