రెండో పట్టికలో తప్పు నాది

టైపు మాస్టారు పోయారన్న కబురు నాకు కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో, టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా తెలిసింది. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన ఫోటో పెట్టి, ఏలూరులో తెల్లవారుజామున గుండెపోటు వచ్చి పోయారని రాశారు. కింద వరసగా దణ్ణాల బొమ్మలు. వాటి మధ్య, నాతోపాటు పీహెచ్‌డీ చేసినాయన ఒకరు, "చాలా మంచివారు. పాపం, ఆఖర్లో చేతిలో తప్పులు పడుతుండేవి" అని రాశారు.

డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను. ఆయన చేతిలో తప్పులు పడుతున్నాయని మొట్టమొదట అన్నది నేను. అది అబద్ధం. ఆయన దగ్గర థీసిస్సులూ పేపర్లూ కొట్టించుకున్నవాళ్ళు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్ళ కంట పడుతుందనే ఈ నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

ఇంటర్ పరీక్షలయ్యాక మా నాన్న నన్ను గణపవరం నుంచి తెచ్చి ఏలూరులో మావయ్యగారింట్లో దింపారు, సెలవుల్లో టైపు నేర్చుకోమని. పవర్‌పేటలో మాస్టారి అన్నదమ్ముల పచారీ కొట్టు, ఆ పక్క గదిలో ఆయన ఇన్‌స్టిట్యూట్. బెల్లం వాసన, ఎండుమిరపకాయల ఘాటు, ఆ మధ్యలో ఆరు మిషన్లు. అక్షరాలు చూసి కొడుతున్నామని అనుమానం వస్తే మా చేతుల మీద తువ్వాలు కప్పేసేవారు. నాకు మొదటినుంచీ ఓపిక తక్కువ. టకటకా బాదేదాన్ని. ఆయన వెనక నిలబడి, "ఏమ్మా, ఆ మిషను నీకేం అపకారం చేసిందీ?" అనేవారు. అందరూ నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది.

తరవాత మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. యాభై దాటిన వయసులో కూర్చుని అవీ నేర్చుకున్నారు. నాకు తాడేపల్లిగూడెంలో జువాలజీ లెక్చరర్ ఉద్యోగం వచ్చిందని స్వీట్లు పట్టుకెళ్ళిన రోజునుంచీ నన్ను 'మీరు' అనడం మొదలుపెట్టారు. ఎంత బతిమాలినా మళ్ళీ 'నువ్వు' అనలేదు.

జర్నల్‌కి పేపరు పంపడమంటే పరిశోధన చేసి రాసి పడేయడం అనుకుంటారు చాలామంది. కాదు. ఒక్కో పత్రికది ఒక్కో చాదస్తం. పట్టికలు విడిగా పెట్టాలని ఒకరంటారు, రచయిత పేరు లోపలెక్కడా కనపడకూడదని ఇంకొకరంటారు. మాలో చాలామందిమి ఆ నిబంధనలు చదివేవాళ్ళం కాదు. మాస్టారు వాటిని ప్రింటు తీసి, పెన్సిలుతో గీతలు గీసుకుని మరీ చదివేవారు. "ఈ పత్రికవాళ్ళు ముందు ఇంటిపేరు అడుగుతారండీ, పెళ్ళిచూపుల్లోలాగ" అని నవ్వేవారు. చేపల శాస్త్రీయ నామాలు ఇటాలిక్స్‌లో ఉండాలి కదా, ఎక్కడైనా నేను గుర్తు పెట్టడం మర్చిపోతే, "రోహూని నిలబెట్టేశారండీ, కాస్త వాల్చమంటారా?" అని అడిగేవారు. ఆయన డిగ్రీ కూడా చదవలేదు. ఆ చేపల పేర్లలో ఒక్క స్పెల్లింగైనా ఆయన తప్పు కొట్టగా నేను చూడలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన అలవాటు ఒకటుంది. టైపు పూర్తయ్యాక ప్రింటు తీసి, మనం రాసిచ్చిన కాయితం మనకిచ్చి గట్టిగా చదవమనేవారు. ఆయన ప్రింటు మీద స్కేలు పెట్టుకుని, ఒక్కో వరస దించుకుంటూ "ఊఁ" అనేవారు. అంకెలు కూడా వదలకూడదు. ఆరు పాయింట్ రెండు, ఊఁ. మూడు పాయింట్ ఎనిమిది, ఊఁ. ఆయన ఊఁ అనకపోతే తప్పు దొరికిందన్నమాట. అంతా అయ్యాక ఆ చేతిరాత కాయితాలు మనకే ఇచ్చేసేవారు. "మీ కాయితం మీ దగ్గరే ఉండాలండీ. రేపెవరైనా అడిగితే చూపించుకోవాలి" అనేవారు. తన దగ్గర ఒక్కటీ ఉంచుకునేవారు కాదు.

ఇక నా పేపరు సంగతి. మండవల్లి వైపు చేపల చెరువుల్లో ఏడాదిపాటు నీళ్ళు పరీక్షించాను. నీళ్ళు మార్చే చెరువులు కొన్ని, మార్చనివి కొన్ని. తెల్లవారే వేళకి దేంట్లో ఎంత ఆక్సిజన్ ఉందన్నది రెండో పట్టిక. పేపరుకి ప్రాణం అదే. నా ప్రమోషన్‌కి ఆ పేపరు కావాలి, పత్రికవాళ్ళు పెట్టిన గడువు ఆ రోజు సాయంత్రంతో సరి. నేనేమో మధ్యాహ్నం మూడింటికి ఆఖరి కాయితాలు పట్టుకుని వెళ్ళాను. ఆయన అన్నం కూడా తినకుండా కొట్టారు. అయ్యాక ప్రింటు తీసి స్కేలు చేతిలోకి తీసుకున్నారు. నాకు ప్యాసింజర్ బండి టైమైపోతోంది. పంపించేయమన్నాను.

"ఒక్క రెండో పట్టికైనా చదువుకుందామండీ. పది నిమిషాలు."

"మీ చేతిలో తప్పెప్పుడు పడింది మాస్టారూ? పంపించేయండి."

అది మెచ్చుకోలు అనుకుని ఆయన కాస్త సిగ్గుపడ్డారు. స్కేలు పక్కన పెట్టి పేపరు అప్‌లోడ్ చేశారు.

పేపరు అచ్చయింది. రెండు నెలలకి ఎవరో పరిశోధకుడు పత్రికకి ఉత్తరం రాశాడు. నీళ్ళు మార్చని చెరువుల్లోనే ఆక్సిజన్ ఎక్కువుందని పట్టిక చెబుతోంది, కింద వ్యాసం దానికి సరిగ్గా తిరగేసి చెబుతోంది, ఏది నిజం అని. సంపాదకుడు నన్ను సంజాయిషీ అడిగాడు. బీరువాలోంచి నా కాయితం తీసి చూసుకున్నాను. ఫీల్డు పుస్తకంలోంచి ఎత్తి రాసేటప్పుడు రెండు గడుల పైన పేర్లు నేనే తారుమారు చేశాను. నీలం సిరా, నా దస్తూరీ. మాస్టారు నేనిచ్చింది ఇచ్చినట్టే కొట్టారు.

ప్రమోషన్ ఇంటర్వ్యూ ఆ మరుసటి వారమే. ప్రిన్సిపాల్‌గారు స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ ఏమైందండీ అని అడిగారు.

"టైపింగ్ మిస్టేకండీ" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట. ఆఫీసుల్లో రోజూ అనేదే, ఎవరూ తిరిగి అడగరు. సంపాదకుడికీ అదే రాశాను. పత్రికలో సవరణ పడింది, టైపులో జరిగిన పొరపాటని. నాకు ప్రమోషన్ వచ్చింది. మా కాలేజీవాళ్ళు ఇద్దరు తమ థీసిస్సులు వేరేచోట ఇచ్చుకున్నారు. వాళ్ళని చూసి ఇంకొందరు మానేశారు.

తరవాత ఒకరోజు మాస్టారు బండెక్కి గూడెం వచ్చారు. మా డిపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు.

"అమ్మా, ఆ రెండో పట్టిక కాయితం ఒక్కసారి చూపిస్తారా? నా చెయ్యి ఎక్కడ తప్పిందో చూసుకుంటానండీ."

ఈయనకి తెలిసిపోయింది, నా నోటితోనే చెప్పించడానికి వచ్చారు అనుకున్నాను. సిగ్గు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. ఎక్కడో పోయిందండీ అన్నాను. ఆయన పర్లేదండీ అని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

అప్పటినుంచీ నేను ఆయన గడప తొక్కలేదు. కొన్నాళ్ళకి గది మూసేశారని విన్నాను. ఇన్నేళ్ళూ నాకు నేను ఒకటే చెప్పుకున్నాను: మాస్టారికి అంతా తెలుసు, పెద్దమనసుతో నన్ను వదిలేశారు, అని. తలుచుకున్నప్పుడల్లా మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను. ఎంత హాయిగా ఉండేదో ఆ దణ్ణం.

కబురు తెలిసిన సాయంత్రమే సంపాదకుడికి ఉత్తరం నేనే టైపు చేసి, నా చేతిరాత కాయితం ఫోటో జతచేసి పంపాను. ఇంకా జవాబు రాలేదు. పన్నెండు రోజులూ గడిచాక ఏలూరు వెళ్ళాను, ఆయన భార్యకి చెబుదామని. పిన్నిగారూ, ఆ తప్పు మాస్టారిది కాదండీ, నాది, అన్నాను. జరిగిందంతా చెప్పాను. అంతా ఆయనకి తెలిసే ఉంటుందని కూడా అన్నాను.

"తెలీదమ్మా ఆయనకి. నిజంగా తెలీకే అడగడానికొచ్చారు" అన్నారు ఆవిడ.

ఏడవలేదావిడ, నన్ను ఒక్క మాటా అనలేదు. నెమ్మదిగా చెప్పుకుంటూ పోయారు. గూడెం నుంచి వచ్చిన మర్నాడే మాస్టారు కళ్ళు చూపించుకున్నారట. కళ్ళు బాగానే ఉన్నాయని డాక్టరు చెబితే నమ్మక, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళారట. కళ్ళు కాకపోతే చెయ్యే అయ్యుంటుందన్నారట. ఇంకొకళ్ళ చదువు పాడుచేసే హక్కు తనకి లేదని గది తాళం వేసేశారట. మిగిలిన ఒక్క పాత మిషనూ ఇంటికి తెచ్చుకుని, రోజూ పొద్దున్నే రైల్వే టైమ్‌టేబుల్ ఎదురుగా పెట్టుకుని, గడులు గడులుగా కొట్టుకునేవారట, చెయ్యి కుదురుతుందేమోనని.

"మరి ఆయన అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదండీ?" అన్నారావిడ.

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక కాయితాల కట్టా, అట్ట చిరిగిన టైమ్‌టేబుల్ పుస్తకమూ తెచ్చి నా ముందు పెట్టారు. మీరు చదువుకున్నవారు, ఎక్కడైనా తప్పులున్నాయేమో చూడండి, అన్నారు.

చూశాను. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు. ఒక్కో గడి మీద వేలు పెట్టి, పుస్తకంతో సరిచూస్తూ, గట్టిగా చదివాను. ఒక కాయితం అయ్యాక ఇంకొకటి తీశాను. మధ్యాహ్నం దాటిపోయింది. ఒక్క అంకె కూడా తప్పు లేదు. ప్రతి కాయితం అడుగునా, ఎర్ర సిరాతో, ఆయన దస్తూరీలో 'మళ్ళీ కొట్టాలి' అని రాసి ఉంది.