ఊరికే వచ్చిన పుట్టినరోజులు

మనుషులందరికీ ఏడాదికి ఒక్కటే పుట్టినరోజు. డెల్బర్ట్ టటిల్‌కి మాత్రం పార్కుకి వెళ్ళినప్పుడల్లా పుట్టినరోజే. ఈ సంగతి కిస్సిమీ ఊళ్ళో మా వీధి వీధంతా ఎరుగుదుం. అతని భార్య వెర్లీన్ దగ్గర ఆ మాటెత్తితే ఆవిడ నవ్వేది, నవ్వుతూనే మాట మార్చేసేది.

వెర్లీన్ బడి వంటశాలలో చేరి అక్కడే రిటైరైన మనిషి. పళ్ళేలనిండా వడ్డించిన క్యారెట్లు చెత్తడబ్బాలోకి పోవడం ఏళ్ళ తరబడి చూసింది కనక, ఊరికే పెట్టినదానికి విలువుండదని ఆవిడ నమ్మకం. డెల్బర్ట్‌ది పూర్తిగా వేరే మతం. ఈతకొలనుల పంపులు బాగుచేసి బతికిన అతను ఊరికే వస్తుందంటే తుప్పు మేకు కూడా జేబులో వేసుకునే రకం. ఇద్దరూ ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు ఎలా వేగారో మాకెవరికీ తెలీదు గానీ, వేగారు, అదీ ముచ్చటగా వేగారు.

కొండరైళ్ళూ వేషాలూ ఉండే ఆ వినోదాల పార్కు వాళ్ళింటికి కారులో పావుగంట. సాయంత్రం అక్కడ బాణసంచా కాలిస్తే వీళ్ళ వంటింటి కిటికీ గలగలలాడుతుంది. ఆ పార్కుని ఆనుకుని ఉన్న బ్లూ హెరన్ రిసార్టులో డెల్బర్ట్ ఏటా ఒకసారి గది తీసుకుంటాడు. సొంత మంచం ఇంత దగ్గర్లో పెట్టుకుని, డబ్బు పోసి పరాయి మంచమ్మీద పడుకోవడం ఏమిటయ్యా అని అడిగామా, ఇక చచ్చామే. గదిలో దిగినవాళ్ళకి పార్కు గేటు లోకంకన్నా అరగంట ముందు తెరుస్తారంటాడు. బస్సు ఊరికేనంటాడు. ఒక కప్పు చేతికిస్తారు, దాన్నిండా తీపి టీ ఎన్నిసార్లు పట్టుకున్నా కాదనేవాడు లేడంటాడు. సాయంత్రం చెరువు పక్కన నెగడు వేసి, పుల్లకి గుచ్చి కాల్చుకోవడానికి మెత్తటి తీపి ముద్దల్లాంటి మార్ష్‌మెలోలు పంచుతారు, అదీ ఊరికే. "ఇన్ని ఇస్తుంటే ఇంక గదికి డబ్బు కట్టినట్టెక్కడ?" అని మన మీదకే వస్తాడు.

ఒక ఏడు పొద్దుణ్ణించీ ఎడతెగని వాన. పార్కులో తిరిగే వీల్లేదు. ఊరికే వచ్చే బస్సు వృథా పోకూడదని వెర్లీన్‌ని ఎక్కించుకుని రిసార్టు చుట్టూ తిరుగుతూ కూర్చున్నాడు. ఎక్కడ దిగుతారు సార్ అని డ్రైవరు అడిగితే, నువ్వెక్కడ దిగితే అక్కడే అన్నాడు. ఈ కథ చెప్పుకుని మేం పడీ పడీ నవ్వుతాం. వెర్లీన్‌కి మాత్రం అన్ని ప్రయాణాల్లోకీ ఆ వానరోజే ఇష్టం. తడి కిటికీ పక్కన అతని భుజమ్మీద తల పెట్టుకుని, ఆవిడ హాయిగా నిద్రపోయింది.

ఇక పుట్టినరోజుల సంగతి. రిసార్టు కౌంటరు దగ్గర గుండ్రటి బ్యాడ్జీలిస్తారు. పుట్టినరోజుకి పసుపుది, పెళ్ళిరోజుకి ఎర్రది. రుజువు ఎవరూ అడగరు. అది చొక్కాకి పెట్టుకుని తిరిగితే, పార్కులో పనిచేసేవాళ్ళు ఎదురుపడిన ప్రతిసారీ శుభాకాంక్షలు చెబుతారు. ఎర్రదానికి అంతటితో సరి. పసుపుదానికైతే భోజనం చివర చిన్న కేకు కూడా వస్తుంది. అందుకే మా ఊళ్ళో పసుపు బ్యాడ్జీలకి గిరాకీ ఎక్కువ. అయితే డెల్బర్ట్ అబద్ధాలకి ఒక లోపం ఉంది. అతనికి కల్పించడం చేతకాదు. ఎవరైనా నిలదీస్తే, చేతికందిన నిజాన్నే ఒకదాన్ని లాగి అబద్ధంలో కూరేస్తాడు. ఎన్నో పుట్టినరోజు సార్ అని ఒకమ్మాయి అడిగితే, తడబడి తన బూటు సైజు చెప్పాడు. పదకొండేళ్ళ డెల్బర్ట్‌కి ఆ పూట హోటలంతా కలిసి పాట పాడింది.

మొన్న సెప్టెంబరులో వాళ్ళ నలభయ్యో పెళ్ళిరోజు వచ్చింది. ఉక్కబోతా తుపానులూ కలిసొచ్చే ఆ నెలలో పెళ్ళేమిటంటే, అప్పట్లో డెల్బర్ట్ నారింజ తోటల్లో పెట్టెలు మోసేవాడు. కోతలు మొదలైతే ఊపిరాడదు. అంచేత తోట యజమాని సెలవిచ్చిన రోజే వాళ్ళ ముహూర్తం.

"రిసార్టు గది ఆ వారానికి పట్టేశాను," అన్నాడు డెల్బర్ట్ ఒకరోజు. "తుపాన్లని భయపడి జనం రారు. చవకే చవక."

వెర్లీన్ క్యాలెండరులో తేదీ చూసింది. సరిగ్గా ఆ రోజే. తలెత్తి అతని మొహం చూసింది. అందులో చవక తప్ప ఇంకేమీ కనపడలేదు.

ఆ సాయంత్రమే జార్జియాలో ఉండే చెల్లెలు ఫెర్న్‌కి ఫోను చేసింది.

"చెప్పెయ్యకూడదుటే అక్కా? చెబితేగానీ మగాళ్ళకి తెలిసి చావదు," అంది ఫెర్న్.

"ఇన్నేళ్ళూ నేనే చెబుతూ వచ్చాను. ఈ ఒక్కసారికి చెప్పను."

"గుర్తురాకపోతే?"

"రాకపోతే వచ్చే ఏడు ఆ వారం మీ ఇంటికొచ్చేస్తా. తర్వాత కూడా అంతే. ఆయన కప్పు పట్టుకుని, ఆ బస్సులో ఒక్కడే ఊరేగుతాడు."

"మాట మీద నిలబడతావా?"

"నేనెప్పుడైనా ఉత్తినే అన్నానా?"

"సరే, నీ పక్క వేసి ఉంచుతాలే."

మాటయితే తేలిగ్గానే అనేసింది. ఫోను పెట్టేశాక మాత్రం సింకులో నీళ్ళు వదిలి, గిన్నెలు లేకుండానే చేతులు తడుపుకుంటూ నిలబడింది. ఆవిడకి కానుకలు అక్కర్లేదు. తను లోపల పెట్టకుండా ఆ రోజు అతని బుర్రలో దానంతటది ఉందా లేదా, అదొక్కటే తెలుసుకోవాలి. లేదని తెలిస్తే ఏం చెయ్యాలో ఫెర్న్‌కి చెప్పేసింది గానీ, ఎలా ఓర్చుకోవాలో ఆవిడకే తెలీదు.

గది మధ్యాహ్నానికి గానీ ఇవ్వరు. పార్కులోకి ముందుగా వెళ్ళే సదుపాయం మాత్రం దిగే రోజు పొద్దుటినుంచే ఉంటుంది. అంచేత పెళ్ళిరోజున డెల్బర్ట్ తెల్లవారకముందే బయల్దేరదీశాడు. కౌంటరు దగ్గర యెసీనియా అనే అమ్మాయి, గేటు దగ్గర చూపించడానికని తాళం కార్డులు ముందే ఇచ్చి, "ఇవాళేమైనా విశేషమా సార్?" అని అడిగింది. ఆ పిల్ల చెయ్యి బ్యాడ్జీల గిన్నెల మీద ఆగి ఉంది. వెర్లీన్ హ్యాండ్‌బ్యాగు పిడి బిగించి పట్టుకుంది.

"విశేషమే," అన్నాడు డెల్బర్ట్. "నా పుట్టినరోజు!"

వెర్లీన్ కళ్ళు దించుకుంది.

"ఆవిడది కూడా," అన్నాడు డెల్బర్ట్.

"ఇద్దరిదీ ఒకే రోజా?"

"దేవుడు కలిపిన జంట కదమ్మా మరి!"

"నా పుట్టినరోజు మార్చిలో," అంది వెర్లీన్ పళ్ళ మధ్యనుంచి, అతనికి మాత్రమే వినపడేలా.

"ష్! రెండు కేకులొస్తాయే!"

ఆవిడ జాకెట్టుకి పసుపు బ్యాడ్జీ అతనే పెట్టాడు. ఎక్కడ సూది గుచ్చుకుంటుందోనని బట్ట కింద తన వేలు అడ్డం పెట్టి మరీ పెట్టాడు. ఆవిడకి కోపంలో కూడా అది తెలిసింది, తెలిసినందుకు ఇంకా కోపం వచ్చింది.

గేటు తెరిచాక పార్కువాళ్ళు అడ్డంగా తాడు పట్టుకుని, ముందు తాము నడుస్తూ, వెనక జనాన్ని నడిపించుకుపోతారు. "నడవండి, పరుగెత్తకండి!" అని వాళ్ళరుస్తుంటే, డెల్బర్ట్ అటు నడకా కాక ఇటు పరుగూ కాక బాతులా గునగునా సాగాడు. ఒక చేత్తో వెర్లీన్ చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఈ తోపులాటలో ఎక్కడ తప్పిపోతుందోనని ఏటా పట్టుకుంటాడు. కొండరైలు ఎక్కినప్పుడూ వదల్లేదు.

ఆ పొద్దంతా శుభాకాంక్షలే. చీపురు పట్టుకున్నవాడు చెప్పాడు, పడవ నడిపేవాడు చెప్పాడు, ఉడుత వేషం వేసిన మనిషైతే గంతులేసింది. డెల్బర్ట్ టోపీ తీసి తీసి వంగాడు. వెర్లీన్ అందరికీ థాంక్స్ చెప్పి చెప్పి అలిసిపోయింది. భోజనానికి రెండు కేకులొచ్చాయి. ఆవిడ తనది అతని వైపు తోసింది.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి కేకు వద్దంటావేం?"

"పుట్టినరోజులు మరీ ఎక్కువైపోయాయి. వయసు మీద పడుతోంది."

అతను పకపకా నవ్వి రెండూ తిన్నాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది. కళ్ళజోడుకి ఏమీ అంటలేదు.

మధ్యాహ్నం రోజూ కురిసే వాన కురిసి వెలిసింది. సాయంత్రానికి చెరువు పక్కన నెగడు వేశారు. గిటారు పట్టుకున్న ఒకావిడ తలా ఒక పుల్లా, మార్ష్‌మెలో పంచి, "పుట్టినరోజు బ్యాడ్జీలవాళ్ళు లేవాలి!" అంది. "ఈ తేదీన మీరు పుట్టిననాటి కథ చెప్పాలి. మీ అమ్మ చెప్పే ఉంటుంది. చెప్పినవాళ్ళకి ఇంకో మార్ష్‌మెలో."

ఇంకో మార్ష్‌మెలో అన్నాక డెల్బర్ట్ కూర్చుంటాడా? పుల్ల పట్టుకునే లేచాడు.

"సెప్టెంబరు నెల," అని మొదలెట్టాడు. ఆ తర్వాత ఏమీ తోచలేదు. చుట్టూ పిల్లలూ పెద్దలూ చూస్తున్నారు. "ఆ రోజు... తుపాను. అబ్బో, అదేం గాలో! మధ్యాహ్నానికే కరెంటు పోయింది. రోడ్డు మీద మోకాలెత్తు నీళ్ళు."

"పాపం మీ అమ్మ!" అంది ఎవరో ఆవిడ.

"చీకటి, కన్నుపొడుచుకున్నా ఏమీ కనపడదు. పాస్టరు ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో బైబిలు..."

"పురిటి గదిలో పాస్టరా?" అంటూ ఒకాయన నవ్వాడు. నెగడు చుట్టూ అందరూ నవ్వారు.

డెల్బర్ట్ ఆ నవ్వు వినలేదు. కథ అతన్ని ఈడ్చుకుపోతోంది. "కొబ్బరి కేకు మీద క్రీమంతా కరిగి కిందకి జారిపోయింది. కొయ్యడానికి లేదు. స్పూన్లతోనే తిన్నాం. ఆవిడ తెల్లబూట్లు చేత్తో పట్టుకుని, ఆ నీళ్ళలో ఒట్టికాళ్ళతో, నవ్వుకుంటూ..."

ఆగిపోయాడు. పుల్ల చివర మార్ష్‌మెలో అంటుకుని మండి, నల్లబడి, నెగట్లో పడింది. అతను దాన్ని చూడలేదు. వెర్లీన్ వైపు చూశాడు. ఆవిడ పొద్దుటినుంచీ అలా ఎందుకుందో, కేకు ఎందుకు తోసేసిందో, అన్నీ ఒక్కసారి తెలిసొచ్చి అతని మొహమ్మీద కనపడ్డాయి. బ్యాడ్జీ పీకి జేబులో వేసుకున్నాడు.

"క్షమించాలి," అన్నాడు అందరితో. "నేను ఇవాళ పుట్టలేదు. కేకు కోసం అబద్ధమాడాను. ఇవాళ మా పెళ్ళిరోజు. నలభయ్యోది. ఇదిగో, ఈవిడతో."

నెగడు చుట్టూ చప్పట్లు మోగాయి. గిటారావిడ రెండో మార్ష్‌మెలో తెచ్చి చేతిలో పెట్టబోతే డెల్బర్ట్ వద్దని తలాడించాడు. మా డెల్బర్ట్ ఊరికే ఇచ్చినదాన్ని వద్దనడం అదే మొదలు.

వెర్లీన్‌కి చప్పట్లు వినపడలేదు. అతనికి కల్పించడం చేతకాదు. చేతికందిన నిజాన్నే లాగుతాడు. అంతమంది ముందు, నోట మాట రాని వేళ, అతను గబుక్కున చెయ్యి పెడితే అందింది ఆ రోజే. ఎవరూ గుర్తుచెయ్యలేదు. తేదీ మరిచిపోయాడు గానీ, రోజుని మరిచిపోలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది, ఏడ్చేసింది కూడా.

"నన్ను నాలుగు తిట్టవే," అన్నాడు అతను పక్కన కూలబడి.

"తిడతాను. ముందు నా చెయ్యి పట్టుకో."

కాసేపయ్యాక అతను లేచి, రా అన్నాడు. రిసార్టు ఫలహారాల కొట్లో అద్దం వెనక కొబ్బరి కేకు ఉంది. చెరో ముక్క కాదు, మొత్తం కావాలన్నాడు. కౌంటరతను వెర్లీన్ జాకెట్టుకి ఇంకా ఉన్న పసుపు బ్యాడ్జీ చూసి, "పుట్టినరోజా మేడమ్? అయితే మీ ముక్క ఊరికే," అన్నాడు.

"కాదు," అన్నాడు డెల్బర్ట్. పొద్దున పెట్టినట్టే బట్ట కింద వేలు అడ్డం పెట్టి, ఆ బ్యాడ్జీ మెల్లగా విప్పి కౌంటరు మీద పెట్టాడు. "పుట్టినరోజేం కాదు. దీనికి డబ్బు తీసుకో. మొత్తానికీ తీసుకో."

"ఊరికే ఇస్తామంటుంటే..."

"ఊరికే వద్దు. ఇది మా ఆవిడకి నేను కొంటున్నా."

బయట బల్ల దగ్గర కూర్చుని, కొయ్యకుండా, రెండు స్పూన్లతో తిన్నారు. సగం తినేసరికి ఫోను మోగింది. ఫెర్న్.

"ఏమైందే అక్కా? చీకటి పడింది. గుర్తొచ్చిందా లేదా?"

వెర్లీన్ ఎదురుగా చూసింది. గడ్డానికి క్రీము అంటించుకుని డెల్బర్ట్ తలొంచుకుని తింటున్నాడు. కేకులో తన వైపున్న మెత్తటి భాగమంతా స్పూనుతో ఆవిడ వైపు జరుపుతున్నాడు.

"ఫెర్న్," అంది వెర్లీన్, "ఆ పక్క తీసెయ్యి."